విద్యుత్ రైలుకు డీజిల్ తోడు: ఆదోని మార్గంలో ఇంజనుల మార్పు, దాని ఆవశ్యకత

(ప్రత్యేక వ్యాసం)

హాలహర్వి: కర్నూలు జిల్లా పశ్చిమపు అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని, ఆలూరు నుండి బళ్లారికి వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం హాలహర్వి. ఇక్కడి ప్రజలు దూరప్రయాణాలకు ఆదోని, గుంతకల్లు, బళ్లారి రైల్వే స్టేషన్లను ఆశ్రయిస్తారు. వానలు ముఖం చాటేసిన సంవత్సరాలలో ఈ ప్రాంతపు కూలీ కుటుంబాలు సుగ్గికి బయలుదేరి గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడపు పనులకు, ముంబయికి తరలిపోవడం అందరికీ తెలిసిన విషయమే. ఆదోని పత్తి వ్యాపారులు, ఎమ్మిగనూరు చేనేత వస్త్రాల వర్తకులు, మంత్రాలయం రోడ్ స్టేషనులో దిగే యాత్రికులు కూడ ఈ రైలు మార్గం మీదనే ఆధారపడి ఉన్నారు. అందువల్ల ఇంజను మార్పు అనే చిన్న సాంకేతిక విషయం ఈ ప్రాంతంలో వేలాది ప్రయాణికుల సమయానికి, భద్రతకు సంబంధించినది.

రైలుకు తగిలించిన ఇంజను విద్యుత్‌దా, డీజిల్‌దా అని సాధారణంగా ప్రయాణికుడు గమనించడు. స్టేషనులో రైలు అరగంట నిలిచిపోయినప్పుడు మాత్రమే "ఇంజను మారుస్తున్నారు" అన్న మాట పెట్టెలో వినిపిస్తుంది. విద్యుత్ తీగలు ఉన్నంత మేర విద్యుత్ ఇంజను లాగి, తీగలు ముగిసిన చోట రైలును డీజిల్ ఇంజనుకు అప్పగించే పద్ధతి భారతీయ రైల్వేలలో దశాబ్దాల పాటు నిత్యకృత్యంగా సాగింది. ఆదోని మీదుగా పోయే ముంబయి–చెన్నై మార్గం దానికి మంచి ఉదాహరణ.

ఈ మార్గం దేశంలోని పాత రైలు మార్గాలలో ఒకటి. ముంబయి వైపు నుండి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుండి మద్రాసు రైల్వే తమ తమ పట్టాలను పొడిగించుకుంటూ వచ్చి 1871లో రాయచూరు వద్ద కలుసుకున్నాయి. గుంతకల్లు, ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్ స్టేషన్లు ఈ వరుసలోనివే. గుంతకల్లు నుండి హుబ్లీ వైపు, నంద్యాల మీదుగా బెజవాడ వైపు వేసినవి మాత్రం మీటరు గేజి పట్టాలు. ఆ కాలంలో గుంతకల్లులో ప్రయాణికులు మూటాముల్లె దించుకొని రైలే మారవలసి వచ్చేది. 1990 దశకంలో గేజి మార్పిడులు పూర్తయిన తరువాత రైలు మారే బాధ తప్పింది. మిగిలింది ఇంజను మార్పు.

2000 దశకంలో ఈ మార్గం స్థితి విచిత్రంగా ఉండేది. ముంబయి నుండి పుణె వరకు విద్యుత్ మార్గమే. దేశంలో మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న ముంబయిలో నడిచింది. 1930 నాటికి పుణె వరకు విద్యుత్ రైళ్లు వచ్చాయి. అయితే అది 1500 వోల్టుల డైరెక్ట్ కరెంటు పద్ధతి. ఇటు చెన్నై నుండి రేణిగుంట వరకు 25,000 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు పద్ధతి. మొత్తం మార్గం సుమారు 1,280 కిలోమీటర్లు కాగా పుణెకు, రేణిగుంటకు మధ్య ఉన్న దాదాపు 950 కిలోమీటర్లలో తీగలు లేవు. షోలాపూర్, వాడి, రాయచూరు, ఆదోని, గుంతకల్లు, కడప అన్నీ ఆ మధ్య భాగంలోనివే. రెండు కొసలలో విద్యుత్తు, నడుమ డీజిల్. ముంబయిలో బయలుదేరిన రైలుకు పుణెలో డీజిల్ ఇంజను తగిలించేవారు. కొన్ని రైళ్లకు ఆ డీజిల్ ఇంజనునే రేణిగుంట దాటి తీగల కింద కూడ నడిపించడం ఉండేది. పైన కరెంటు ఉండగా కింద డీజిల్ కాల్చడం వృథా అని పైకి అనిపిస్తుంది. కాని కేవలం 135 కిలోమీటర్ల కోసం మరొకసారి రైలును ఆపి ఇంజను మార్చడం కంటె అది మేలని రైలు నడిపేవారు లెక్క కట్టడంలో అసమంజసమేమీ లేదు.

ఇంజను మార్పు ఎట్లా జరుగుతుందో తెలిస్తే ఆ అరగంట ఎక్కడ పోతుందో అర్థమవుతుంది.

తీగలు ముగిసే చోటుకు ముందుగానే విద్యుత్ ఇంజను ఆగవలెనని సూచించే బోర్డు ఉంటుంది. లోకో పైలట్ దానిని దాటరాదు. ఇంజను పైకప్పు మీద మడిచి లేపే చట్రం వంటి పరికరాన్ని పాంటోగ్రాఫ్ అంటారు. అది తీగను కింది నుండి ఒత్తిపట్టి కరెంటు అందుకుంటుంది. తీగ లేని చోట దానిని ఎత్తి ఉంచితే ఇంకా పైకి లేచి వంతెనలకో, ఇతర కట్టడాలకో తగిలే ప్రమాదమున్నది. కనుక ఇంజనును నిలిపి, పాంటోగ్రాఫ్ దించి, రైలు నుండి విడదీస్తారు. పెట్టెలు కదలకుండ కట్టుదిట్టం చేసిన తరువాత విద్యుత్ ఇంజను పక్క లైనులోకి తప్పుకొంటుంది. అప్పటికే సిద్ధంగా ఉంచిన డీజిల్ ఇంజను మెల్లగా వెనుకకు వచ్చి కప్లింగుకు తగులుతుంది. ఆ తరువాత గాలి గొట్టాలు కలుపుతారు. అసలు సమయం తీసుకొనేది ఇదే. రైలు బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు, ఫీడ్ పైపులో 6 కిలోల ఒత్తిడి ఉండాలి. ఇరవై నాలుగు పెట్టెల రైలులో చివరి పెట్టె వరకు ఆ ఒత్తిడి నిండాలి. గార్డు పెట్టెలోని మీటరులో సరిచూడాలి. బ్రేకు వేసి, విడిచి పరీక్షించాలి. ఆ పరీక్ష పూర్తి కాకుండ రైలు కదలరాదు. ఆలస్యమైన రైలులో కూర్చున్నవారికి ఇది అనవసరపు జాగు అనిపించవచ్చును గాని, ఇందులో ఒక్క అంచెను కూడ తగ్గించుకొనే వీలు లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. డీజిల్ ఇంజనులో కూడ చక్రాలను తిప్పేది విద్యుత్తే. డీజిల్ యంత్రం ఒక జనరేటరును తిప్పుతుంది. ఆ కరెంటుతో ఇరుసుల మీది మోటార్లు తిరుగుతాయి. అంటే విద్యుత్ ఇంజను కరెంటును తీగ నుండి తెచ్చుకుంటే, డీజిల్ ఇంజను తన కరెంటును తానే తయారు చేసుకుంటుంది. భేదం శక్తిలో ఉన్నది. 1960 దశకం నుండి దేశమంతటా పనిచేసిన డబ్ల్యు.డి.ఎం.2 రకం డీజిల్ ఇంజను 2,600 అశ్వశక్తి గలది. దాని తరువాతి రూపమైన డబ్ల్యు.డి.ఎం.3ఎ 3,100 అశ్వశక్తి గలది. విద్యుత్ ఇంజనులలో డబ్ల్యు.ఏ.పి.4కు 5,000, డబ్ల్యు.ఏ.పి.7కు 6,000కు పైబడిన అశ్వశక్తి ఉన్నది. అదే రైలును తక్కువ శక్తి గల ఇంజనుకు అప్పగిస్తే స్టేషను నుండి వేగం అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. బరువైన రైళ్లకు రెండు డీజిల్ ఇంజనులను జోడించిన సందర్భాలు కూడ ఉన్నాయి. గుంతకల్లు డివిజనులోని గుత్తి డీజిల్ షెడ్డు ఈ ఇంజనుల నిర్వహణకు పేరెన్నికగన్నది.

పెట్టెలలోని దీపాలు, పంఖాలు, శీతలీకరణ యంత్రాల సంగతి వేరు. పాత నీలిరంగు పెట్టెలలో ఇరుసుకు బెల్టుతో కలిపిన ఆల్టర్నేటరు ఉండి, రైలు నడుస్తుండగా కరెంటు తయారు చేసి 110 వోల్టుల బ్యాటరీలను నింపేది. ఇంజను ఏదైనా ఆ పెట్టెలకు పట్టింపు లేదు. ఎల్.హెచ్.బి. పెట్టెలు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ఈ రైళ్లకు తొలుత కొసలలోని జనరేటరు పెట్టెల నుండి కరెంటు ఇచ్చేవారు. తదుపరి విద్యుత్ ఇంజనే తీగ నుండి తీసుకున్న కరెంటును 750 వోల్టులకు మార్చి పెట్టెలన్నిటికీ పంపే పద్ధతి అమలులోకి వచ్చింది. దీనివల్ల జనరేటరు చప్పుడు, పొగ, డీజిల్ ఖర్చు తగ్గాయి. అయితే అటువంటి రైలును మామూలు డీజిల్ ఇంజనుకు అప్పగించిన క్షణంలో ఆ సరఫరా ఆగిపోతుంది. అందుకే రైలులో ఒక జనరేటరు పెట్టెను అట్టిపెట్టి ఉంచుతారు. ఇంజను మారినప్పుడు దానిని నడిపించాలి. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఆదోని ప్రాంతంలో, కిటికీలు తెరుచుకోని ఎ.సి. పెట్టెలో కూర్చున్నవారికి ఈ ఏర్పాటు విలువ వేరుగా చెప్పనక్కర లేదు.

రాష్ట్రంలో ఇంజను మార్పు ఇబ్బంది అనిపించని చోటు కూడ ఒకటుండేది. హౌరా–చెన్నై మార్గంలో విజయవాడ, విశాఖపట్నం మధ్య విద్యుదీకరణ ముందుగా పూర్తయింది. విశాఖపట్నం నుండి ఖరగ్‌పూర్ వరకు ఆ పని 2000 దశకం మధ్యకు గాని ముగియలేదు. అంతవరకు హౌరా వైపు డీజిల్, విజయవాడ వైపు విద్యుత్తు. కాని విశాఖపట్నం స్టేషనులోకి వచ్చిన రైలు వచ్చిన దిక్కుకే తిరిగి బయలుదేరవలసి ఉంటుంది కనుక ఇంజనును ఎట్లాగూ ఒక కొస నుండి విడిచి మరొక కొసకు తగిలించవలసినదే. ఆ సమయంలోనే ఇంజను రకం కూడ మారిపోయేది. రైలుకు అదనపు ఆలస్యం ఉండేది కాదు. గుంతకల్లుకు ఆ సౌలభ్యం లేదు. చెన్నై నుండి రాయచూరు వైపు పోయే రైలు అక్కడ ముందుకే సాగిపోతుంది.

ఈ సమస్య మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో 1967లో లండన్ నుండి బోర్న్‌మత్ వరకు విద్యుదీకరణ జరిగింది. అక్కడి నుండి సముద్రతీరంలోని వేమత్ పట్టణానికి విద్యుత్తు లేదు. రైలును రెండుగా తయారు చేశారు: వెనుక మోటార్లున్న విద్యుత్ పెట్టెల సముదాయం, ముందు మోటార్లు లేని పెట్టెల సముదాయం. బోర్న్‌మత్‌లో ముందు భాగాన్ని విడదీసి డీజిల్ ఇంజను వేమత్‌కు తీసుకుపోయేది. ప్రయాణికులు సీటు నుండి లేవవలసిన పని ఉండేది కాదు. 1988లో విద్యుదీకరణ వేమత్‌కు చేరేవరకు ఇరవై ఏళ్లకు పైగా ఈ ఏర్పాటు నడిచింది. ఆ దేశంలోనే 2000 దశకంలో పెండలీనో అనే విద్యుత్ రైలును క్రూ స్టేషను నుండి తీగలు లేని హోలీహెడ్ రేవు వరకు డీజిల్ ఇంజను లాగుకొనిపోయేది. ఆ ఇంజనుకు పెండలీనోకు సరిపోయే కప్లింగును ప్రత్యేకంగా అమర్చారు. స్పెయిన్ మరొక దారి పట్టింది. 2012 నుండి అక్కడ విద్యుత్ రైలులోనే డీజిల్ జనరేటరు పెట్టెలు చేర్చి, తీగలున్న చోట తీగలతోను, లేని చోట స్వంత కరెంటుతోను నడుపుతున్నారు. ఇంజను మార్పు తప్పుతుంది గాని, తీగల కింద కూడ ఆ జనరేటర్ల బరువును మోస్తూ తిరగవలసిందే.

మన మార్గంలో 2010 దశకంలో పరిస్థితి వేగంగా మారింది. రేణిగుంట నుండి గుంతకల్లు వరకు తీగలు వచ్చాయి. అనంతరం పుణె–వాడి–గుంతకల్లు విద్యుదీకరణ పథకం కింద 641 కిలోమీటర్ల మార్గంలో పనులు దశలవారీగా సాగి, ఆదోని మీదుగా రాయచూరు, వాడి వరకు విద్యుత్ రైళ్లు నడిచాయి. షోలాపూర్, దౌండ్ మధ్య మిగిలిన భాగం 2022లో పూర్తయింది. ఇటు ముంబయి వైపు పాత 1500 వోల్టుల పద్ధతిని కూడ అంతకు ముందే 25,000 వోల్టులకు మార్చివేశారు. దీనితో ముంబయి నుండి చెన్నై వరకు ఒకే విద్యుత్ ఇంజను పోగలిగే స్థితి ఏర్పడింది. బళ్లారి, బెంగుళూరు, గుంటూరు వైపు మార్గాలకు కూడ తీగలు వచ్చాయి. దేశవ్యాప్తంగా 2025 నాటికి బ్రాడ్‌గేజి మార్గాలలో 98 శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది.

తీగలు చివరి వరకు వచ్చేశాయి గనుక ఇక డీజిల్ ఇంజనుతో పని లేదని అనుకోవడం సహజం. వాస్తవం వేరు. తీగ ఉన్నంత మాత్రాన అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుందని భావించరాదు.

2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు వందలాది రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. దక్షిణ గ్రిడ్ అప్పటికి విడిగా ఉన్నందున మన రాష్ట్రానికి ఆ బాధ తగలలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో కలిసింది. ఆదోనికి పొరుగునే ఉన్న రాయచూరు ఈ కలయికకు కూడ వేదిక కావడం విశేషం. దీనివల్ల దక్షిణాదికి విద్యుత్ లభ్యత పెరిగింది. అదే సమయంలో దేశపు గ్రిడ్ బాగోగులలో మనమూ భాగస్వాములమయ్యాము. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను రైల్వే విద్యుత్ స్తంభాలను, తీగలను ఛిన్నాభిన్నం చేసినది. పట్టాలు బాగుపడినా తీగలు బాగుపడడానికి సమయం పట్టింది; ఆ వ్యవధిలో రైళ్లను నడిపించినవి డీజిల్ ఇంజనులే.

ఆదోని మార్గానికి ఇప్పుడు మరొక కొత్త అంశం తోడయింది. 2024 మార్చి 12న ప్రారంభమైన కలబురగి–బెంగుళూరు వందే భారత్ ఎక్స్‌ప్రెస్ రాయచూరు, మంత్రాలయం రోడ్, గుంతకల్లు మీదుగా నడుస్తున్నది. ఈ రైలుకు విడిగా ఇంజను ఉండదు. మోటార్లు పెట్టెల కిందనే ఉంటాయి. మామూలు రైలులో ఇంజను చెడిపోతే దానిని తప్పించి మరొకటి తగిలించవచ్చు. వందే భారత్‌లో తప్పించడానికి ఇంజనే లేదు. కరెంటు పోయినా, పాంటోగ్రాఫ్ విరిగినా మొత్తం రైలును బయటి ఇంజనుతో లాగించవలసి వస్తుంది. 2023 మే 21న ఒడిశాలో పూరీ–హౌరా వందే భారత్ రైలు మీద గాలివానకు చెట్టు కొమ్మలు పడి పాంటోగ్రాఫ్ దెబ్బతిన్నప్పుడు, డీజిల్ ఇంజనును రప్పించి ఆ రైలును కదిలించారు.

ఇటువంటి రైలును లాగడం మామూలు పెట్టెలను లాగడం వంటిది కాదు. దాని ముక్కు భాగంలోని మూత తెరిస్తే గాని కప్లింగు కనబడదు. అది సాధారణ ఇంజను కప్లింగుకు సరిపోదు గనుక మధ్యలో ప్రత్యేకమైన అడాప్టరు అమర్చాలి. పాంటోగ్రాఫులు దించాలి, గాలి గొట్టాలు కలపాలి, రైలులోని బ్రేకులు బయటి ఇంజను అదుపులో పనిచేసేటట్లు చేయాలి. అప్పుడు కూడ పరిమిత వేగంతోనే తీసుకుపోతారు. తలుపులు, దీపాలు, గాలి ప్రసరణ అన్నీ బ్యాటరీల మీదనే కొంతసేపు నడుస్తాయి, ఎ.సి. నడవదు. కోసిగి, ఆదోని మధ్య ఏ మే నెల మధ్యాహ్నమో ఇది జరిగితే సహాయపు ఇంజను ఎంత దూరంలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న. గుంతకల్లు నుండి ఆదోని సుమారు 50 కిలోమీటర్లు, రాయచూరు దాదాపు 120 కిలోమీటర్లు. ఇంజను గుంతకల్లులో సిద్ధంగా ఉంటే ఒక లెక్క, మరెక్కడి నుండో పిలిపించవలసి వస్తే మరొక లెక్క.

తీగ తెగిన చోటికి మరొక విద్యుత్ ఇంజనును పంపడం నిష్ప్రయోజనం. మరమ్మతు సిబ్బందిని తీసుకుపోయే టవర్ వ్యాగన్ కూడ డీజిల్‌తో నడిచేదే కావడానికి కారణమిదే. విపత్తులకు, వ్యూహాత్మక అవసరాలకు కొన్ని డీజిల్ ఇంజనులను అట్టిపెట్టుకొనాలన్నది రైల్వేల విధానం. అది వివేకవంతమైన విధానమే. అయితే ఇంజను షెడ్డులో ఉన్నంత మాత్రాన చాలదు. దానిని నడపగల లోకో పైలట్లు, మరమ్మతు చేయగల మెకానిక్కులు అభ్యాసంలో ఉండాలి. ఒక తరం సిబ్బంది డీజిల్ మీద పనిచేసి పదవీ విరమణ చేస్తున్నారు. కొత్తగా చేరుతున్నవారు ప్రధానంగా విద్యుత్ ఇంజనుల మీదనే చేయి తిప్పుకుంటున్నారు. డీజిల్ ఇంజనులకు పుట్టినిల్లయిన వారణాసి కర్మాగారమే ఇప్పుడు ప్రధానంగా విద్యుత్ ఇంజనులను తయారు చేస్తున్నది. 2020లో దాని పేరులోని డీజిల్ అన్న మాట కూడ పోయింది. ఇంధన వ్యయం, కాలుష్యం దృష్ట్యా ఈ మార్పు అవసరమైనదే. దానితో పాటు జంక్షన్లలో సహాయపు ఇంజనులను, వాటి సిబ్బందిని కాపాడుకొనడం ఖర్చుగా కాక రక్షణ ఏర్పాటుగా భావించవలసి ఉన్నది.

ప్రయాణికులు కొన్ని జాగ్రత్తలు పాటించడం మంచిది. రైలు మధ్యలో ఆగి దీపాలు ఆరిపోతే కంగారు పడి పట్టాల మీదికి దిగరాదు. పక్క లైనులో మరొక రైలు రావచ్చును. తెగి వేలాడుతున్న తీగలో కరెంటు లేదని ఎవరు చెప్పినా నమ్మి దగ్గరకు పోరాదు. 25,000 వోల్టుల తీగను ముట్టుకొననవసరం లేదు, సమీపానికి వెళ్లినా ప్రాణాపాయమే. గొడుగులు, ఇనుప పైపులు, పచ్చి కట్టెలు పైకెత్తి పట్టుకొని ప్లాట్‌ఫారం మీద, గేటుల వద్ద నడవరాదు. రైతులు పత్తి బోరాలు, వరిగడ్డి ఎత్తుగా నింపిన బండ్లను లెవెల్ క్రాసింగుల వద్ద దాటించేటప్పుడు అక్కడి ఎత్తు కమానును గమనించాలి. దానికి తగిలే బండిని ముందుకు తీసుకుపోరాదు. తీగ తెగిపడినట్లు ఎవరి కంటబడినా దూరంగా ఉండి, సమీపంలోని స్టేషను మాస్టరుకు గాని, గేట్‌మన్‌కు గాని, రైల్వే సహాయ కేంద్రం 139 నంబరుకు గాని వెంటనే తెలియజేయవలసినది.